తాబేటి చిప్ప, నత్తగుల్ల, వేంపల్లె సున్నపురాయి

"తాబేలు చిప్ప ఇడిసిపెట్టి బయటికి వస్తాదా సార్?" అని పులివెందుల, లింగాల ప్రాంతపు బడిపిల్లలు అడుగు ప్రశ్న వినుటకు చిన్నదైనను, జీవశాస్త్రమున మిక్కిలి లోతైన ప్రశ్నలలో నొకటి. పెద్దలలోను పలువురకు ఈ సందేహము కలదు. నత్త గుల్లలో కాపురముండుననియు, తాబేలు చిప్పలో కాపురముండుననియు, వలసినచో ఆ యిల్లు ఖాళీచేసి వేరొక యింటికి మారగలవనియు మనలో చాలమంది తలంచుచుందుము. సముద్రతీరమున సన్యాసి పీత యను ప్రాణి చచ్చిన నత్తల గుల్లలను వెదకి, వానిలో తన మెత్తని వెనుకభాగమును దూర్చి, తాను పెరిగినకొలది పెద్ద గుల్లకు మారుచుండుట నిజమే. కాని యది ఎరువు తెచ్చుకొనిన సొత్తు. తాబేటికిని నత్తకును అట్టి వెసులుబాటు లేదు.

ఈ విషయమును విచారించుటకు లింగాల చాల తగిన తావు. ఏటి సగటు వర్షపాతము 700 మిల్లీమీటరుల చుట్టుప్రక్కల మాత్రమే యుండు కడప జిల్లాలో, చిత్రావతి యొడ్డున చీనీతోటలును, అరటితోటలును, వేరుసెనగ చేలును, వాని నడుమ ముండ్లపొదలతో నిండిన గుట్టలును గల ఈ సీమలో, నక్షత్రపు తాబేటికి నచ్చిన చిట్టడవి యున్నది. వానలకు నిండి వేసవికి నెఱ్ఱెలు విచ్చు చెఱువులలో నత్త యున్నది. అన్నిటికంటె విశేషమైన విషయమేమన, గుల్ల యనునది లోకమున పుట్టకమునుపే యేర్పడిన సున్నపురాయి ఇక్కడి నేలయందున్నది. మొదటి రెండును కవచ మెట్టిదో చెప్పును. మూడవది కవచ మెందులకు పుట్టినదో యోచింపజేయును.

దూలము, దంతెలు, బండలు

రాయలసీమలోని పాతకాలపు బండమిద్దెను లోపలినుండి తలయెత్తి చూచినవారికి దాని కట్టుబడి తేటగా తెలియును. గోడనుండి గోడకు బలమైన దూలము. దూలమునుండి ఇరుప్రక్కలకు వరుసగ సాగిన దంతెలు. దంతెలపై ఒకదాని నొకటి ఒరసికొనునట్లు పరచిన కడప బండలు. తాబేటి వీపును ఇట్టి మిద్దెగా భావింపవచ్చును. దాని వెన్నెముక దూలము, పక్కటెముకలు దంతెలు. మన పక్కటెముకలు వీపునుండి ముందునకు వంగి గుండెను, ఊపిరితిత్తులను చుట్టుకొనుచుండగా, తాబేలు ఇంకను గ్రుడ్డులో పిండముగా నున్నప్పుడే దాని పక్కటెముకలు ముందునకు వంగుట మాని, ప్రక్కలకు చాగి, వెడల్పై, ఒకదానితో నొకటి అతుకుకొని, ఒక్క గట్టి కప్పుగా మారును. ఉదరభాగమున జత్రువులును, కడుపు చర్మమున పుట్టిన ఎముకలును కలిసి అడుగుపలక యగును. పైకప్పు, అడుగుపలక కలిసి 50కి పైబడిన ఎముకల కూర్పు.

దంతెలపై బండలవలె ఈ యెముకలపై పరచుకొని యుండునవి కెరటిన్ పలకలు. మన గోళ్లకును వెండ్రుకలకును, ఆవుకొమ్మునకును ఆధారమైన పదార్థమే ఇది. ఇందొక నేర్పు గమనింపదగినది. నేర్పరియైన మేస్త్రీ క్రింది వరుస కీళ్లకు నేరుగా పై వరుస కీళ్లు రానీయడు; వచ్చినచో పగులు పైనుండి క్రిందివరకు ఒక్క గీతగా దిగును. తాబేటి కప్పులోను ఎముకల అతుకులొక చోటను, పలకల అతుకులు వేరొక చోటను పడునట్లు కూర్పు జరిగినది. దెబ్బ ఒక పొర అతుకును విప్పినను, దాని దిగువ వేరొక యెముక నడుభాగము అడ్డుపడి దానిని నిలుపును.

కాబట్టి పిల్లవాని ప్రశ్నకు సమాధానము: తాబేలు చిప్ప విడిచి రాజాలదు; ఆ మిద్దె దంతెలు దాని పక్కటెముకలే గనుక, చిప్ప ఊడదీయుట యనగా వెన్నెముకతో గూడ దేహమును చీల్చుటయే. ఈ మిద్దెలో మరియొక వింత కలదు. మనకును ఆవునకును పక్షికిని భుజపుటెముక పక్కటెముకల పంజరమునకు వెలుపల నుండును. వెన్నెముక గల జంతువులన్నిటిలో తాబేళ్లకు మాత్రమే అది పంజరమునకు లోపల నుండును. ఇంటి యజమాని భుజములతో సహా కప్పు క్రిందికి చేరినాడన్న మాట.

మిద్దెతో పోలిక ఇక్కడితో ఆగవలెను, ఏలయన బండకు ప్రాణము లేదు, చిప్పకు కలదు. కెరటిన్ పలకల దిగువనున్న యెముకలో నెత్తురు పారుచుండును, నరములు వ్యాపించియుండును; వ్రేలితో చిప్పను తాకినచో తాబేటికి తెలియును. పెంచుకొను తాబేటిని కట్టివేయుటకై చిప్ప అంచున రంధ్రము చేసి త్రాడు దూర్చువారు, దాని గోరు కత్తిరించినంత పని చేసితిమని భావింతురు కాబోలు. వారు చేయుచున్నది సజీవమైన ఎముకను తొలుచుట.

నక్షత్రపు తాబేటి పలకలలో ప్రతిదాని నడుమ ఒక బుడిపె యెత్తుగా నుండి, దానినుండి పసుపుపచ్చని చారలు అన్ని దిక్కులకు విరజిమ్మినట్లుండును. చేతిలోనికి తీసికొని చూచునప్పుడు అది అలంకారముగ తోచును. ఎండిన బోదగడ్డిలో, ముండ్లపొదల నీడలో అది కదలక కూర్చున్నప్పుడు మాత్రము ఆ చారలు గడ్డిపోచల నీడలలో కలిసిపోయి, చిప్ప అంచు ఎక్కడ మొదలగునో కంటికి చిక్కదు. ప్రతి పలకపై బుడిపె చుట్టును వలయములు కానవచ్చును. వానిని లెక్కించి తాబేటి వయస్సు చెప్పవచ్చునను నమ్మకము కలదు గాని, మేత దండిగా నున్న ఋతువులో ఒకటికంటె ఎక్కువ వలయములు పడవచ్చును, కరవు ఏడాదిలో పడకయే పోవచ్చును. ముసలితనమున అవి అరిగి మాసిపోవును. రాయలసీమ తాబేటి వలయములు దాని వయస్సుకంటె అది చూచిన వానలనే ఎక్కువగా చెప్పును.

ఈ తాబేటి డొప్ప యింత యెత్తుగా గోపురమై యుండుటయు వృథా కాదు. హంగరీ దేశస్థులైన గాబోర్ డొమొకోష్, పీటర్ వార్కొన్యీ అను ఇరువురు 2006లో గోంబోత్స్ అను నొక ఘనరూపమును కల్పించిరి. అంతటను ఒకే సాంద్రత గలిగి, ఎట్లు పడవేసినను తనంతట తాను దొర్లి ఒకే ఒక భంగిమలో నిలుచుట దాని లక్షణము. పిమ్మట వారు తాబేళ్ల చిప్పలను కొలిచి చూడగా, ఎత్తైన గోపురము గల నేల తాబేళ్లు, అందును మన నక్షత్రపు తాబేలు, ఆ రూపమునకు మిక్కిలి చేరువగా నున్నట్లు తేలినది. వెల్లకిల పడిన తాబేటికి మండుటెండలో మరణము తప్పదు. చదునైన చిప్ప గల నీటి తాబేలు పొడుగైన మెడను నేలకు ఊతమిచ్చి తిరుగబడవలసియుండగా, దీనికి కాళ్లను కొంత విదిలించుటయే చాలును. తక్కిన పనిని చిప్ప ఆకారమే చేసిపెట్టును.

ఇట్టి కట్టుబడి ఒక్కనాట రాలేదు. చైనాలోని గ్వెజో మండలమున 22 కోట్ల సంవత్సరముల నాటి శిలలలో దొరకి, 2008లో వెల్లడింపబడిన ఒడాంటోకెలిస్ అను తాబేటికి అడుగుపలక సంపూర్ణముగ నున్నది, వీపున మాత్రము కప్పు లేదు. వెడల్పైన పక్కటెముకలు మాత్రమే కలవు. అంతకంటె పురాతనమై, 26 కోట్ల సంవత్సరముల క్రిందట దక్షిణాఫ్రికాలో నివసించిన యూనోటోసారస్ అను ప్రాణికి పక్కటెముకలు వెడల్పగుట అప్పుడే ప్రారంభమైనది. నేలను త్రవ్వునప్పుడు దేహము కదలక నిలుచుటకు ఆ వెడల్పు తోడ్పడియుండునని 2016లో కొందరు పరిశోధకులు వాదించిరి. అదియే నిజమైనచో, బొరియ త్రవ్వుటకు పనికివచ్చిన యెముక తరువాతి కాలమున శత్రువు నడ్డుటకు వినియోగపడినదన్న మాట. ఈ వాదము నాకు చాల సమంజసముగ తోచుచున్నది. అరకొరగా నున్న కవచము ప్రాణిని కాపాడలేదు సరికదా, దాని పరుగును చెడగొట్టును. మొదటి మెట్టున వేరొక లాభము లేనిదే రెండవ మెట్టు ఎక్కుట కష్టము.

నీటిలోని సున్నము

తాబేలు తన యెముకలతోనే కవచమును కట్టుకొనగా, నత్త నీటిలో కరగియున్న సున్నమును ఏరి తెచ్చి కట్టుకొనును. లింగాల సీమలో ఈ సున్నమునకు కొదువ లేదు. బోరునీటిని కాచిన పాత్ర యడుగున తెల్లని పెచ్చు కట్టుట ప్రతి గృహిణియు ఎరిగినదే. నత్త దేహమును ప్రావారమను పలుచని మెత్తని పొర చుట్టియుండును. ఈ పొర అంచు నీటినుండియు మేతనుండియు గ్రహించిన సున్నమును, దానికి బంధనముగ నొకవిధమైన జిగురును స్రవించి, గుల్ల నోటివద్ద కొంచెము కొంచెముగ పేర్చుకొనుచు పోవును. పేర్పు ఒకవైపు అధికముగను వేరొకవైపు తక్కువగను సాగుటచే గుల్ల మెలి తిరుగును. అందుచే గుల్ల కొనయందున్న చిన్న చుట్టు నత్త పసితనమున కట్టుకొనినదే. దానిని పడగొట్టకయే, ఆకారము మారనీయకయే, ఆ చిన్న గుల్లకే పెద్ద గుల్లను కలుపుకొనుచు అది పెరుగును.

చెఱువులోని ఆల్చిప్పను తెరచి లోపల చూచినచో ఇంద్రధనుస్సు రంగులు మెఱయును. అది ముత్యపుపొర. మిల్లీమీటరులో సుమారు రెండువేలవ వంతు మందము గల సున్నపు రేకులు లెక్కకు మిక్కిలిగా ఒకదానిపై నొకటి పేర్చబడి, వాని సందులలో సన్నని జీవపదార్థము పూయబడియుండుటయే దాని నిర్మాణము. నూటికి 95 వంతులు సున్నమే. కాని సుద్దముక్క చిటికెలో విరుగును, ముత్యపుపొర విరుగదు. పగులు పుట్టినను అది నేరుగ సాగలేక, ప్రతి రేకు అంచువద్ద దారి మళ్లుచు, మెలికలు తిరిగి, బలముడిగి నిలిచిపోవును. అట్టి సున్నమునే జీవపదార్థము లేక పరిశుద్ధముగ తీసికొనినచో, దానిని విరుచుటకు వలయు శ్రమకంటె ముత్యపుపొరను విరుచుటకు వలయు శ్రమ వేలరెట్లు అధికమని లెక్కించియున్నారు.

నత్తకు గుల్లయే గాక దాని నోటికి మూత గూడ కలదు. శత్రువు వచ్చినప్పుడు పాదమును లోనికి లాగికొని మూత వేసికొనుట అందరు చూచినదే. కాని కడప జిల్లా వంటి మెట్టప్రాంతమున నత్తకు కొంగకంటె ఎండయే పెద్ద శత్రువని నేను తలంతును. దానికి నీటిలో శ్వాసించుటకు మొప్పయు, గాలిని శ్వాసించుటకు ఊపిరితిత్తివంటి సంచియు ఉండును. చెఱువు ఇంకిపోవు నెలలలో అది బురదలోనికి దిగి, మూత బిగించుకొని, దేహపు పనులన్నిటిని అతి మందముగ నడపుకొనుచు వేసవి నిద్రలో మునుగును. పైన మట్టి ఎండి నెఱ్ఱెలు విచ్చినను, గుల్లలోని తేమ గుల్లలోనే నిలుచును. తొలకరి వానలకు చెఱువులో నీరు చేరగానే, నిన్నటివరకు గొఱ్ఱెలు నడచిన నేలలో నత్తలు కానవచ్చుటకు కారణమిది. ఎవరును తెచ్చి పోసినవి కావు.

గుల్లలు లేని కాలపు రాళ్లు

ఇక రాళ్లను చూతము. కోస్తా జిల్లాలలో సముద్రపు చిప్పలను కాల్చి గుల్లసున్నము చేయుదురు. కడప జిల్లాలో సున్నమునకు రాయినే కాల్చుదురు. సున్నపురాయి యనగానే చచ్చిన చిప్పలు, గవ్వలు పోగుపడి గట్టిపడినదని పాఠ్యపుస్తకములలో చదువుకొందుము. లోకములోని అనేక సున్నపురాళ్ల విషయమున అది నిజమే. కాని వేంపల్లెనుండి పులివెందుల, లింగాల ప్రాంతములమీదుగా పార్నపల్లె వైపు సాగు సున్నపురాతి పట్టీని ఎంత వెదకినను అందొక్క గవ్వయైనను దొరకదు. జమ్మలమడుగు, యెఱ్ఱగుంట్ల ప్రాంతపు నాపరాతిలోను చిప్పల జాడ కానరాదు. 1872లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఈ సీమ శిలలపై రచించిన గ్రంథమునుండి నేటివరకు ఎందరో ఈ రాళ్లను పరీక్షించిరి. వేంపల్లె రాతిలో వారికి దొరకినవి గుల్లలు కావు; ఒకదానిపై నొకటి వంపుగా పేరుకొనిన సన్నని పొరల దిబ్బలు. ఆనాటి లోతులేని సముద్రపు టడుగున కంటికి కనబడని సూక్ష్మజీవులు జిగట పొరలుగ పరచుకొని, నీటిలోని సున్నమును పట్టుకొని, పొరపై పొరగా ఎదిగిన ఆనవాళ్లవి. 1978లో షాఫ్, ప్రసాద్ అను పరిశోధకులు వేంపల్లె దిబ్బలలో ఆ సూక్ష్మజీవుల శిలాజములనే గుర్తించి ప్రకటించిరి.

వీని వయస్సెంత? భూగర్భమునుండి కరగిన శిల ఈ సున్నపురాతి సీమలోనికి చొరబడి గడ్డకట్టినది. ఆ కాకకు సున్నపురాయి మారిన చోట్ల రాతినార పుట్టినది. బ్రాహ్మణపల్లె, లింగాల ప్రాంతములలో రాతినార గనులు వెలయుటకు మూలమిదియే. పులివెందుల వద్ద చొరబడిన శిల వయస్సు 188 కోట్ల సంవత్సరములని లెక్కతేలినది. వేంపల్లె సున్నపురాయి అంతకంటె పాతది. లోకమున గుల్లలు విరివిగా కానవచ్చుట మొదలై 54 కోట్ల సంవత్సరములు మాత్రమే యైనది. అనగా లింగాల రాయి ఏర్పడిన పిమ్మట మరి 130 కోట్ల సంవత్సరములకు పైగా భూమిమీద ఒక్క జంతువును కవచము ధరింపలేదు.

సున్నము లేకనా? సముద్రమునిండ సున్నమే, ఈ కొండలే దానికి సాక్ష్యము. సున్నమును పట్టి నిలుపు నేర్పు జీవులకు లేకనా? ఆ సూక్ష్మజీవులు పెంచిన దిబ్బలే పార్నపల్లెవరకు పరచుకొనియున్నవి. లేనిది నోరు. ఒక ప్రాణి వేరొక ప్రాణిని కొరికి తినుట యనునది ఇంకను మొదలు కాలేదు, కొరుకుటకు తగినంత పెద్ద దేహము గల ప్రాణియే లేదు. 55 కోట్ల సంవత్సరముల చుట్టుప్రక్కల క్లౌడినా యను చిన్న గొట్టపు ప్రాణి సున్నపు తొడుగు ధరించి కానవచ్చుచున్నది. సున్నపు కవచము తొడిగిన తొలి జంతువులలో అదియొకటి. చైనాలో దొరకిన క్లౌడినా తొడుగులకు గుండ్రని రంధ్రములు తొలిచియుండుటను 1992లో బెంగ్ట్‌సన్, యుయె అను శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. తొడుగుతోపాటే దానిని తొలుచువాడును ఉన్నాడు! అది మొదలు కొన్ని కోట్ల సంవత్సరములలోనే, ఒకరికొకరు దూరపు బంధువులైన అనేక జంతువంశములు, వేర్వేరుగ, ఒకటి సున్నముతో, ఒకటి ఫాస్ఫేటుతో, ఒకటి ఇసుకరాతి పదార్థముతో కవచములు కట్టుకొనినవి. సముద్రజలమున సున్నపు పాలు హెచ్చుటయు, ప్రాణవాయువు పెరుగుటయు గూడ కారణములని చెప్పువారు కలరు, అవి తోడ్పడియుండవచ్చును. అయినను ఇన్ని వంశములు ఒక్కమారు ఒకే యుపాయమును పట్టుకొనుటకు, అందరిని తరుముచున్న భయ మొక్కటి యుండవలెనని నా నిశ్చయము.

గుల్లలు గల రాయిని చూడగోరువారు గోదావరికి పోవలెను. రాజమహేంద్రవరము చేరువనున్న కాతేరు, పంగిడి ప్రాంతములలో, దక్కను లావా పొరల నడుమ చిక్కిన సుమారు 6 కోట్ల 50 లక్షల సంవత్సరముల నాటి సున్నపురాతిలో సముద్రపు ఆల్చిప్పలును, మరమేకువలె పొడవుగ మెలితిరిగిన గుల్లలును చెక్కుచెదరక యున్నవి. ఒకే రాష్ట్రములో, ఒకనాటి రైలుప్రయాణపు దూరములో, గుల్లలకు ముందటి సముద్రమును, గుల్లలు నిండిన సముద్రమును చేత తాకి చూడగల భాగ్యము మనకున్నది.

కవచమునకు చెల్లించు మూల్యము

పక్కటెముకలను మిద్దెకు దంతెలుగ నిచ్చివేసిన తాబేటికి ఊపిరి పీల్చునప్పుడు రొమ్ము పొంగదు. కడుపులోని కండరముల పొరలతోనే ఊపిరితిత్తులను లాగుచు, నొక్కుచు అది బ్రదుకును. తలయు కాళ్లును ముడుచుకొనినప్పుడు లోపలి గాలికి చోటు చాలక బుస్సుమని శబ్దము వచ్చును. దానిని కోపమని భ్రమపడుదుము. నీటిలో నీదు తాబేలు బరువు తగ్గించుకొనవలెను. మన చెఱువులలోని మెత్తచిప్ప తాబేటికి కెరటిన్ పలకలే లేవు, తోలు మాత్రమే. వెనుక కాళ్లను దాచుటకు అడుగున రెండు తోలుమడతలు కలవు. మన తీరమున గ్రుడ్లు పెట్టవచ్చు ఆలివ్ రిడ్లీ తాబేలు తలను గాని కాళ్లను గాని చిప్పలోనికి ముడుచుకొనజాలదు. ఈత నేర్పు కొరకు ఆ రక్షణను వదలుకొనినది.

ఎండ్రకాయ మార్గము వేరు. దాని కవచము నత్తగుల్లవలె అంచున పెరుగదు, తాబేటి చిప్పవలె ఎముకతో పెరుగదు. పెరుగవలెనన్న దానిని విప్పి పారవేయవలసినదే. వీపు వెనుక పాత కవచము చీలగా, కన్నుల కాడలతో సహా ప్రతి యవయవమును దానినుండి లాగికొని మెత్తని ముద్దగ వెలికి వచ్చి, నీటిని పీల్చి ఉబ్బి, కొత్త కవచము గట్టిపడువరకు బొరియలో దాగియుండును. ఎంతటి వీరునికైనను ఆయుధము పట్టజాలని దినములవి.

ఉండచుట్టుకొనిన అలుగు

నల్లమల, శేషాచలము అడవులలో తిరుగు అలుగు పాలిచ్చు జంతువై యుండియు పొలుసులు ధరించినది. ఆ పొలుసులును కెరటినే. పండ్లు లేక, పొడవైన జిగట నాలుకతో చీమలను, చెదలను నాకి తిను ఈ సాధుజంతువు, శత్రువు ఎదురైనప్పుడు తలను కడుపులో దాచి, తోకను చుట్టుకొని, పదునైన అంచులు వెలికి నిలుచునట్లు ఉండగా మారును. పులి గూడ దానిని విప్పలేక విడిచిపోవచ్చును. మనుష్యు డొక్కడే ఆ ఉండను విప్పవలసిన పని లేకయే ఎత్తి గోనెసంచిలో వేసికొని పోగలడు. కోట్ల సంవత్సరములు కోఱలకు సమాధానము చెప్పిన ఉపాయము చేతికి సమాధానము చెప్పలేకపోయినది. ఆ పొలుసులలో ఔషధగుణమున్నదను నమ్మకమే దాని నేటి దుస్థితికి పెద్ద హేతువు. గోటికి లేని గుణము దానికెట్లు వచ్చును?

నక్షత్రపు తాబేటిది ఇంతకంటె దీనగాథ, దాని చిప్ప అందమే దానికి ముప్పైనది. శ్రీకాకుళము జిల్లాలోని శ్రీకూర్మక్షేత్రమున విష్ణుమూర్తిని కూర్మరూపమున పూజించి, ఆలయ ప్రాంగణమున ఈ తాబేళ్లను సంరక్షించుచుండగా, వేరొక చోట అదే జాతిని సంచులలో కుక్కి విదేశములకు పంపుచున్నారు. మనదేశమందలి ఒక్క వర్తకకేంద్రమునుండియే ఏటేట 55,000కు తక్కువ కాకుండ నక్షత్రపు తాబేళ్లను అడవినుండి పట్టి తరలించుచున్నట్లు 2015లో వెలువడిన పరిశోధన తెల్పినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము వీనిని పట్టుటయు, ఇంట పెంచుటయు నేరమే. 2019లో జెనీవాలో సమావేశమైన వన్యప్రాణి వ్యాపార ఒడంబడిక దేశములు దీని అంతర్జాతీయ వ్యాపారమును పూర్తిగ నిషేధించినవి.

పట్టుబడిన తాబేళ్లను తిరిగి అడవిలో విడిచిన సరిపోవునని తోచును గాని, దక్షిణాదివాటికిని వాయవ్య భారతపు వాటికిని జన్యువులలో భేదమున్నది. ఏ నేలవో తెలియక ఎక్కడనో విడిచినచో రెండు వంశములకును చెరుపే. సింగపూరులో పట్టుబడి మనదేశమునకు తిరిగివచ్చిన నక్షత్రపు తాబేళ్ల విషయమున ఈ చిక్కు ఎదురైనప్పుడు, హైదరాబాదులోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రము) పరిశోధకులు వాని డీఎన్‌ఏను పరీక్షించి, అవి ఏ ప్రాంతమునకు చెందినవో నిర్ణయించుటకు పూనుకొని, 2006లో తమ ఫలితములను ప్రకటించిరి.